కుక్కపిల్ల కఱచుట, మీఁదికి దుముకుట: నేర్పినవారెవరు?

ఎరువులు, విత్తనములు, అప్పుల వాయిదాలు మున్నగు విషయములకే చోటు చాలని యీ పత్రికలో కుక్కపిల్లనుగూర్చి వ్రాయుట యేమని కొందఱు సభ్యులు నవ్వుకొనవచ్చును. కాని కాపలాకుక్క లేని కళ్లమును, కుక్క వెంట నడువని గొఱ్ఱెలమందయు మన ప్రాంతమున ఎన్ని కలవు? అదియుఁ గాక, నేఁడు మన సభ్యుల పిల్లలు పెక్కుమంది హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ జదువుకొనుచున్నారు. కొందఱు హాస్టళ్లలో నున్నారు. కొందఱు ప్రక్కనున్న తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి పేటలలో గదులు అద్దెకుఁ దీసికొనియున్నారు. వారు సెలవులకు వచ్చునపుడు సంచిలోఁ బెట్టుకొని తెచ్చు కుక్కపిల్లలు మన యూళ్లలోఁ గానవచ్చుచున్నవి. వచ్చిన దినమున నది యింటిల్లిపాదికి ముద్దు. నాలుగైదు నెలలు గడచుసరికి చేతులు కొఱుకుచు, చీర చెఱఁగులు పట్టి లాగుచు, గడపలో నడుగుపెట్టినవారి మీఁదికెల్ల దుముకుచుండును. అంతట "ఇది చెడ్డజాతి" యని గొలుసు వేసి కట్టివేయుదురు. లేదా యొకరాత్రి పొలిమేర దాఁటించి విడిచి వత్తురు. నా యభిప్రాయ మేమనఁగా, ఈ యలవాట్లలో ఆ పిల్ల పుట్టుకతోఁ దెచ్చుకొన్నది కొంచెము, మన యిండ్లలో నేర్చుకొన్నది యెక్కువ. నేర్పినవారమే మాన్పవలసినవారము, మాన్పుట కష్టమును గాదు. కాని యింటిలో నొక్కరు తప్పినను అది సాగదు.

పిల్ల కఱచుట పగచేతఁ గాదు. పసిబిడ్డ దేనినైనను చేతితోఁ బట్టి చూచినట్లు కుక్కపిల్ల నోటితోఁ బట్టి చూచును. మూఁడవ వారము మొదలు పాలపండ్లు మొలచి, రెండు నెలల లోపల 28 పండ్లును వచ్చును. నాలుగవ నెల మొదలు అవి యొక్కటొక్కటిగా రాలి, ఏడవ నెల దాఁటకముందే 42 గట్టిపండ్లు వచ్చును. ఈ నడిమికాలమున చిగుళ్లు సలుపుచుండుటచే దానికి దేనినో యొకదానిని నమలక తీఱదు. తోడిపిల్లలతో ఆడునపుడు ఒకదానిని మితిమీఱి కఱచినచో అది కుయ్యిమని యఱచి ఆట చాలించును. తల్లిని గఱచిన, తల్లి లేచి పోవును. "ఇంత గట్టిగాఁ బట్టినచో ఆట పోవును" అనుటయే దాని మొదటి పాఠము. ఎనిమిది వారములు నిండకముందే తల్లిని విడఁదీసి తెచ్చిన పిల్లకు ఈ పాఠము సగములో నిలిచిపోవును. మన విద్యార్థులు ముద్దుపడి తెచ్చు పిల్లలు తఱచుగా నీ సగము పాఠమువే.

మీఁదికి దుముకుటకును మూలమున్నది. కుక్క తోడేలు వంశమునకుఁ జెందినది. వేఁటనుండి వచ్చిన పెద్ద తోడేళ్ల మూతిని పిల్లలు నాకఁగా, అవి తాము మ్రింగి తెచ్చిన మాంసమును గ్రక్కి పిల్లలకుఁ బెట్టును. పెద్దవారు ఇల్లు చేరఁగానే మూతి వెదకి నాకుట వాని మర్యాద. మన మూతి యెత్తున నుండుటచే పాపము అది యెగురవలసివచ్చుచున్నది. మూఁడు కిలోల పిల్ల యీ మర్యాద చేసిన మురియుదుము. ఇరువదికిలోల కుక్క యదే మర్యాద చేసినచో వాకిటిలో నీళ్లబిందెతో నున్న అవ్వ వెల్లకిలఁ బడును. ఆ వయస్సున తుంటియెముక విఱిగినచో మంచము దిగుట దుర్లభము.

ఇఁక దీనిని నేర్పునది మన మెట్లు? 1898 లో అమెరికాదేశమున థారన్‌డైక్ అను పండితుఁడు పిల్లులను పెట్టెలలో మూసి, అవి గడియ తీసికొని బయటఁబడుట యెట్లు నేర్చుకొనునో పరీక్షించి యొక ప్రకటన చేసెను. ఏ చేష్టకు ఫలము దక్కునో ఆ చేష్ట నిలిచిపోవును. ఫలము దక్కనిది క్రమముగాఁ దొలఁగిపోవును. ఇది యెడ్లను దున్నుటకు అలవాటు చేసిన రైతుకుఁ గ్రొత్త సంగతి కాదు. క్రొత్తసంగతి యేదనఁగా, కుక్కపిల్లకు ఫలమనఁగా రొట్టెముక్క మాత్రమే కాదు. మనము దానివంక చూచుటయు ఫలమే. "ఛీ, పో" యని యఱచుటయు ఫలమే. రెండు చేతులతో వెనుకకుఁ ద్రోయుట యన్నింటిని మించిన ఫలము, ఏలనఁగా తోడిపిల్లలు ఆడునపుడు చేయునది సరిగా నదే. దుమికినపుడెల్ల మనము త్రోయుచున్నామనఁగా, దుమికినపుడెల్ల ఆటకుఁ బిలుచుచున్నామన్నమాట.

నిరుడు తార్నాకలో నాకుఁ దెలిసిన యొక రైతుకుటుంబమువారి యింటికిఁ బోయితిని. పెద్దకూఁతురు విశ్వవిద్యాలయమునఁ జదువుచుండుటచే ఊరిలోని పొలము కౌలుకిచ్చి నగరము చేరినవారు వారు. (పూర్వము ముండ్లతీఁగ కట్టిన నాకా యొకటి అచ్చట నుండుటచే తార్నాక యను పేరు వచ్చెనని చెప్పుదురు. నేఁడు మెట్రో రైలు తలమీఁదుగాఁ బోవు ఆ కూడలిలో నిలుచున్నవారికి ఆ మాట నమ్మశక్యముగా నుండదు.) ఆ యమ్మాయి హాస్టలు ప్రహరీప్రక్కన దొరకిన పిల్లను తెచ్చి పెంచుచుండెను, అప్పటికి దానికి ఐదు నెలలు. నేను పోయిన గంటసేపటిలోఁ జూచినది వ్రాయుచున్నాను. పిల్ల దుమికినపుడు తల్లి కొంగు చుట్టుకొని కేకలు వేసెను. నాయనమ్మ మడచిన వార్తాపత్రికతో మూతిమీఁదఁ గొట్టెను. పదేండ్ల కుఱ్ఱవాఁడు నేలఁ గూరుచుండి తన చేతినే దానికి ఆటవస్తువుగా నిచ్చి, అది కఱవఁగా గొప్పగా నవ్వెను. అమ్మాయి యొక్కతెయే మాటాడక వెనుదిరిగి నిలుచుండెను. నాలుగుకాళ్లు నేల నానినపుడు మాత్రము వంగి మెడ నిమిరెను. ఆమె పద్ధతి సరియైనది. కాని సాయంకాలము తండ్రి పనినుండి వచ్చి గుమ్మములోనే నిలిచి "రా, రా, నా బంగారుకొండా" యని రెండు చేతులు చాఁపెను. పిల్ల ఆయన రొమ్మున రెండు ముందుకాళ్లు మోపి మొగమంతయు నాకెను. దినమంతయు ఆ బిడ్డ చేసిన పని అర నిమిషములో నీళ్లపాలయ్యెను.

"నా మీఁద నెక్కిన నాకేమి బాధ? నాకిష్టమే గదా" యని ఆ రైతు నాతో వాదించెను. చేయవలసిన జవాబు మన సంఘసభ్యులకు బాగుగాఁ దెలిసినదే. ఉమ్మడి జామీను మీఁద పదిమంది అప్పు తీసికొని, తొమ్మండుగురు వాయిదా కట్టి, ఒక్కఁడు ఎగవేసినచో బాకీ యొక్కని పేరుననే యుండునా? తండ్రి చొక్కాకును నాయనమ్మ చీరకును గల భేదము కుక్కకుఁ దెలియదు. మఱియొక చిక్కును గలదు. ఎన్నఁడును ఫలము దక్కని పనిని జంతువు వారముల మీఁద మానివేయును. పదిమారులలో నొకమారు దక్కు పనిని మాత్రము ప్రాణము పోయినను విడువదు. పేకాటలో నెప్పుడో యొకసారి గెలిచినవాని వ్యసనమువంటిదే యిది. కావున ఆ యింటిలో నందఱికంటె గట్టిగా దుముకుట నేర్పినవాఁడు ఆ తండ్రియే.

నేను చెప్పితిననుటకంటె ఆ యమ్మాయి పట్టుపట్టెననుట న్యాయము. మూఁడు వారములు ఇంటివారందఱు నొక్కమాట మీఁద నుండవలెనని యొప్పించెను. దుమికినచో ఎవరును చూడరాదు, మాటాడరాదు, త్రోయరాదు. చేతులు కట్టుకొని ప్రక్కకుఁ దిరుగవలెను. నాలుగుకాళ్లు నేలనున్న క్షణముననే పలుకరించి, చిటికెఁడు రొట్టెముక్క నేలకు దగ్గఱగా నందింపవలెను. ఎత్తి చూపినచో మరల నెగురుట నేర్పినట్లే. "కూర్చో" యను మాటను వేఱుగా, దినమునకు నాలుగైదుమార్లు, రెండేసి నిమిషములు నేర్పవలెను. కూరుచున్న కుక్క దుముకలేదు గదా. మాన్పుమనుటకంటె దాని స్థానమున వేఱొక పని నప్పగించుట సులువు. మొదటి నాలుగు దినములు వ్యవహారము మునుపటికంటెఁ జెడ్డదాయెను. పిల్ల మఱింత యెత్తున నెగిరెను, మొఱిగెను, లుంగీ యంచు పట్టి లాగెను. తండ్రి "ఇదంతయు పనికిరాని పద్ధతి" యని యించుమించుగా మానివేసెను. ఇచ్చటనే మనవారు తఱచుగా నోడిపోవుదురు. చేఁదబావి గిలక తిరుగకున్నచో త్రాడును మఱింత గట్టిగా లాగి చూచెదము గదా. పిల్లయు మునుపు పనిచేసిన పద్ధతిని విడుచుటకు ముందు మఱింత గట్టిగా చేసి చూచును. అప్పుడు లొంగినచో, గట్టిగాఁ జేసిననే దక్కునని నేర్పినవార మగుదుము. వారు లొంగలేదు. మూఁడవ వారాంతమునకు ఇంటివారు వచ్చునపుడు అది గుమ్మమునొద్దఁ గూరుచుండి తోఁకతో నేల యూడ్చుచుండెనఁట. కుఱ్ఱవాని స్నేహితులు వచ్చినపుడు మాత్రము పాతగుణమే కనఁబఱచుచుండెను. వారితో నొప్పందము కుదుర్చుట యెవరికిని సాధ్యము కాలేదు. అట్టివారు వచ్చినంతసేపు త్రాటితోఁ గట్టియుంచుట మంచిది.

కఱచుటకును ఇదే సూత్రము. చేతిని ఆటవస్తువుగా నెన్నఁడును ఈయరాదు; దీనిని మించిన నియమము లేదు. పండ్లు తగిలినచో చేతిని చివాలున లాగుకొనరాదు, లాగిన చేతిని అది తఱుమును. చేయి కదలకుండ నుంచి, మెల్లగా విడిపించుకొని, లేచి గదినుండి బయటకుఁ బోయి, అర నిమిషమైన పిదప తిరిగి రావలెను. తల్లి లేచిపోయినట్లే యిది. తడిపి మెలిపెట్టిన పాతగుడ్డ, ముడులు వేసిన లావుపాటి త్రాడు, పచ్చి కారెట్టు దుంప మున్నగునవి నమలుటకిచ్చి ఆడించవలెను; నమలుచున్నంతసేపు కనిపెట్టియుండవలెను. పాత చెప్పు ఈయరాదు. పాతచెప్పు తనదనియు, క్రొత్తచెప్పు మనదనియు దానికెట్లు తెలియును? ఉడికిన కోడియెముకలు చీలికలై గొంతునఁ గ్రుచ్చుకొనును గనుక అవియుఁ గూడదు. పసిపిల్లలు పరుగెత్తి కేకలు వేసినచో కుక్కపిల్ల వేఁట యనుకొని మడమలు పట్టును. చేతులు మడచుకొని చెట్టువలె నిలువుమని బిడ్డకు నేర్పవలెను, ఇద్దఱిని విడిచి పెద్దవారు లోపలికిఁ బోరాదు. సాయంకాలము వెఱ్ఱియెత్తినట్లు కొఱుకు పిల్ల పెక్కుమార్లు నిద్రచాలనిది. దినములో మూఁడువంతులకుఁ జేరువగా నిద్రింపవలసిన వయస్సది. చీకటిగానున్న మూల నొక గోనెపట్టా వేసి పడుకొననిచ్చినచో కొఱుకుట దానంతటనే తగ్గును.

కొట్టనిదే బుద్ధి రాదనువారు మనలోఁ గలరు. మోఁకాలితో రొమ్మునఁ బొడుచుట, వెనుకకాళ్లు త్రొక్కుట, మూతి నొక్కిపట్టుట, చేతికి కారము పూసికొనుట మున్నగు చిట్కాలు ఊరూరఁ గలవు. వీనిచేత నొక్కొక్కప్పుడు కఱచుట ఆగుట నేనును జూచితిని. కాని కోడె మొగముమీఁద మునికోలతోఁ గొట్టు సేద్యగాని యెద్దు తరువాత చేయి చాఁపినంతనే తల విదల్చుటయు మనము చూచియున్నాము. చేయి యనఁగా దెబ్బ యని నేర్చిన కుక్క, పెద్దదైన పిదప నిమురవచ్చిన బిడ్డ చేతినే కఱచును. గుఱ్ఱుమన్నందుకుఁ గొట్టుట మఱియు నపాయము. గుఱ్ఱుమనుట హెచ్చరిక, హెచ్చరికకు దెబ్బలు పడినచో హెచ్చరింపకయే కఱచుట నేర్చును. అమెరికాదేశములోని పశుప్రవర్తనా వైద్యుల సంఘము 2021 లో ప్రకటించిన యభిప్రాయములో, కుక్కలకు బహుమానముతోడి శిక్షణము తప్ప బాధించు పద్ధతులు కూడదని స్పష్టముగాఁ జెప్పినది.

ఇంతవరకు వ్రాసినది మర్యాదకు సంబంధించినది; ఇఁకముందుది ప్రాణమునకు సంబంధించినది. "పిల్లకాటు కాటా?" యను మాట మన యూళ్లలో వినఁబడుచుండును. 2025 లో ఉత్తరప్రదేశమున బులంద్‌శహర్ జిల్లాలో నొక యువ కబడ్డీ ఆటగాఁడు కాలువలోఁ జిక్కిన కుక్కపిల్లను రక్షింపఁబోఁగా అది వ్రేలిని గఱచెను. చిన్నగాటే గదా యని టీకా వేయించుకొనలేదు. కొన్ని నెలలకు జలభయము పుట్టి మరణించెను. పిచ్చివ్యాధి లక్షణములు కనఁబడిన తరువాత బ్రతుకు దాదాపుగా లేదు. కనఁబడకముందు చికిత్స చేసినచో చావు దాదాపుగా లేదు. కావున టీకాలు వేయని పిల్ల పంటిగాటు పడి రక్తము చిమ్మినను, గీఱుకొన్నను, వెంటనే ధారగాఁ బాఱు నీటితో సబ్బు పెట్టి 15 నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము, నూనె మున్నగువానిని పూయరాదు, వాతలు పెట్టరాదు. అదే దినమున ప్రభుత్వ వైద్యశాలకుఁ బోవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము మన పెద్దవారికి నేఁటికిని విడువలేదు. గొఱ్ఱెమెదడుతోఁ జేసిన ఆ పాతమందును మన దేశమున 2004 తోడనే మానివేసిరి. ఇప్పుడు చర్మములోనికిఁ బొడుచు చిన్నసూదులు, మొదటిది 0 దినముగా లెక్కించి 3, 7, 28 దినములలో వేయుదురు. గాటు లోఁతుగానున్నచో గాయములోనే వేయవలసిన వేఱొక మందు గలదు. దానిని వైద్యుఁడు నిర్ణయించును. విశ్వవిద్యాలయమునకుఁ జేరువనున్న నల్లకుంట ఫీవరు ఆసుపత్రి, పాతవారు కోరంటి దవాఖానా యనునది, ఇట్టి రోగులను జూచు చోటు. తార్నాకలో నున్న మన పిల్లలు ఈ పేరు గుర్తుంచుకొనవలెను. కుక్కను పది దినములు కనిపెట్టి చూచుట మంచిదే. కాని అందుకై చికిత్సను పది దినములు ఆపరాదు.

మఱల విశ్వవిద్యాలయపు ఆవరణమునకు వత్తము. 1939 లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును జూడని తెలుఁగువారు తక్కువ. దాని చుట్టు వేయియెకరములకు మించిన నేల, చెట్లు, హాస్టళ్లు, నడుమ రైలుమార్గము. ఇట్టి చోట కుక్కలు లేకుండుట యసంభవము. నా ఫిర్యాదు కుక్కలమీఁదఁ గాదు. హాస్టలు భోజనశాల వాకిట పుట్టిన పిల్ల కాళ్లమీఁదికి దుమికినచో బిస్కత్తు దొరకును, వ్రేలు కొఱికినచో నవ్వు దొరకును. ఒక యింటిలో ఐదుగురు గురువులైనచో దానికి అచ్చట ఐదువందలమంది గురువులు. వేసవి సెలవులలో హాస్టళ్లు మూతపడి గురువులందఱు ఇండ్లకుఁ బోవుదురు. ఆఁకలిగొన్న ఆ కుక్క తనకుఁ దెలిసిన యొక్క విద్యను, ఉదయమున షికారు వచ్చిన ముసలివాని మీఁదను, దారిని నడచిపోవు బిడ్డ మీఁదను బ్రయోగించును. ఇఁక ఱాళ్లు, కఱ్ఱలు, "పిచ్చికుక్క" యను కేక. నేర్పినవారికి దెబ్బ లేదు.

దగ్గఱనే యున్న అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు చంపివేసిన సంగతి మన సభ్యులు మఱచియుండరు. నిజామాబాదు జిల్లానుండి పొట్టకూటికై వచ్చిన కుటుంబమది. ఆకలిగొన్న గుంపు చేసిన దాడికిని, పెంపుడుపిల్ల యాటకును ముడిపెట్టుట తప్పు; కాని ప్రజల భయము ఏల పెరిగెనో తెలిసికొనకుండుట మఱియొక తప్పు. 2023 నాఁటి జంతుజనన నియంత్రణ నియమములలోనే కుక్కలకు అన్నము పెట్టుటకు, పిల్లలు ఆడుకొను చోటులకును రాకపోకల ద్వారములకును దూరముగా, నిర్ణీతస్థలము నిర్ణీతకాలము నుండవలెనని యున్నది. 2025 నవంబరు 7 న సుప్రీముకోర్టు విద్యాసంస్థలు, వైద్యశాలలు, బస్సుస్టాండులు, రైలుస్టేషనులు మున్నగు ఆవరణములనుండి వీధికుక్కలను తొలఁగించి, టీకాలు, కుటుంబనియంత్రణము చేయించి, ఆశ్రయములలో నుంచవలెనని, మరల నచ్చటనే విడువరాదని ఆదేశించెను. అది మంచిదా కాదా యని వాదము జరిగినది. వీధికుక్కలన్నిటికిని ఆశ్రయము లేర్పఱచుట యెంత కష్టమో లెక్కవేయఁగలవారికి నేను చెప్పనక్కఱలేదు. నేను విద్యార్థులను గోరునది యింతే. చేతినుండి పెట్టవలదు, ద్వారమునొద్దఁ బెట్టవలదు, దుమికినదానికిఁ బెట్టవలదు. నేలమీఁద, ఒక మూలను, పళ్లెములోఁ బెట్టుఁడు. మూఁడు నెలలు నిండిన పిల్లకు పిచ్చివ్యాధి టీకా వేయించు భారమును గూడ మీ ముద్దులో భాగముగాఁ జేర్చుకొనుఁడు. ఆపాటి చేయలేనివారు ముద్దాడకుండుటయే దానికి మేలు.

ఇఁక దసరాకో సంక్రాంతికో ఇంటికిఁ బిల్ల వచ్చినపుడు, దానిని తెచ్చినవానిని మూఁడు ప్రశ్నలడుగుఁడు: దీని వయస్సెంత, ఏ టీకా యెప్పుడు వేసితివి, ఇది దుమికినపుడు అచ్చట మీరేమి చేయుచుంటిరి? టీకా పడనిదైనచో మరునాఁడే దగ్గఱి పశువైద్యశాలకుఁ దీసికొనిపోవలెను. ఊరిలో గాలికుంటు టీకాలు వేయువారు వచ్చు దినమున వారినే యడిగి చూచినను మంచిదే. ఏఁడాదికొకసారి మరల వేయింపవలెను. మఱియొక చిన్నమాట. నగరములోఁ బెరిగిన పిల్లకు "సిట్" అనియో "బైఠో" యనియో నేర్పియుందురు. పిల్లవాఁడు తిరిగి తార్నాక బస్సెక్కుటకు ముందు ఆ మాటను ఇంటనున్న తాతకు నేర్పి పోవలెను. లేకున్న తాత "కూకో, కూకో" యని గొంతు పోవునట్లు అఱచును, పిల్ల తోఁక యాడించుచు మీఁదికి దుముకును.